గట్లు వేశాం, డబ్బులెప్పుడు సార్?

వ్యవసాయాధికారి గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట. మాకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, అదీ వాయుగుండం పడితే రెండు రోజుల్లో కుమ్మరించి పైమట్టినంతా వాగులోకి ఈడ్చుకుపోతుంది. అందుకే వాలుకి అడ్డంగా గట్లు వేయించాను, నీళ్లు పొర్లే చోట రాళ్లు పేర్చి కలుజు కట్టాను, పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి 45 రోజులకి పూత మీద కలియదున్నాను. రాయితీ వస్తుందని అప్పు చేసి మరీ చేశాను సార్. కొలతలు తీశారు, ఫోటోలు తీశారు, డబ్బులు పడలేదు. అడిగితే ఒకసారి ఆధార్ అంటారు, ఇంకోసారి సర్వర్ అంటారు.

మొన్నటి వానకి పక్క చేలో నీళ్లు ఎర్రగా పారాయి, మా కలుజు దగ్గర తేటగా దిగాయి. అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. కౌలుకి చేసేవాళ్ల పేరున పాసుబుక్కే ఉండదు, వాళ్లు గట్టు వేస్తే ఎవరిస్తారు? వాళ్లకీ దారి చూపండి. మా బిల్లు ఎక్కడ ఆగిందో ఆఫీసు గోడ మీద రాసి పెట్టించండి, వచ్చే వాయుగుండం లోపు డబ్బులు వేయించండి.