గ్రాఫ్ సున్నా నుంచి మొదలెట్టండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

చదువుల పేజీలో పిల్లల కోసం ఎక్సెల్ లో (కంప్యూటర్లో అంకెల పట్టికలు వేసే ప్రోగ్రామ్) గ్రాఫ్ ఎలా వెయ్యాలో ఒకసారి రాయమని అడుగుదామని ఈ ఉత్తరం. అయితే ఏ బటన్ నొక్కాలో చెప్పేసి వదిలెయ్యకండి, అది పెద్ద పనేం కాదు. డేటా సెలెక్ట్ చేసి ఇన్సర్ట్ లోకెళ్లి చార్ట్ నొక్కితే అయిపోద్ది, ఇంకా తొందరైతే ఆల్ట్ పట్టుకుని ఎఫ్1 కొడితే చాలు. డబ్బులు పెట్టి కొనక్కర్లేదు కూడా, ఎక్సెల్ లాంటిదే లిబ్రెఆఫీస్ కాల్క్ ఫ్రీగా దొరుకుద్ది, గూగుల్ షీట్స్ అయితే ఫోన్లోనే వాడుకోవచ్చు. అసలు గొడవంతా గ్రాఫ్ వచ్చాకే.

జనాభా లెక్కలే చూడండి. మన దేశంలో వెయ్యి మంది మగవాళ్లకి ఆడవాళ్లు 1991లో 927, 2001లో 933, 2011లో 943. ఇవి కొట్టి, పైన 'సంవత్సరం' అని హెడ్డింగ్ పెట్టి గ్రాఫ్ వేస్తే ఆ సంవత్సరాలు కూడా స్తంభాలై లేచి నిలబడతాయి, 927 పక్కన 1991 అంత పొడుగు స్తంభం! అది సంవత్సరమో మనుషుల లెక్కో ఎక్సెల్ కి తెలీదు కదా, అంకె కనిపిస్తే గీసేస్తుంది. ఆ హెడ్డింగ్ గడి ఒక్కటీ ఖాళీగా వదిలేస్తే సరిపోద్ది, ఈ చిన్న ముక్క చెప్పేవాళ్లు లేక పిల్లలు తల పట్టుకుంటున్నారు. పీడీఎఫ్ లోంచి కాపీ కొట్టిన అంకెలైతే ఇంకో తలనొప్పి, గడిలో ఎడమ పక్కకి ఒత్తుకుని ఉన్నాయంటే వాటిని అక్షరాల కింద లెక్కేసి గ్రాఫ్ లో సున్నా చూపిస్తుంది.

ఇవి కంటికి కనిపించే తప్పులు కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకోలేనిది పక్కన అంకెలుండే నిలువు గీత, అదే ఆక్సిస్ సంగతి. అంకెలు బాగా దగ్గర దగ్గరగా ఉంటే ఎక్సెల్ మనల్ని అడక్కుండానే కింద భాగం కోసేసి 900 పైన ఎక్కడో మొదలెడుతుంది. 915 దగ్గర మొదలైందనుకోండి, 1991 స్తంభం ఎత్తు 12, 2011ది 28, చూసినోళ్లు ఇరవయ్యేళ్లలో రెట్టింపు దాటిపోయింది అనుకుంటారు, నిజంగా పెరిగింది రెండు శాతం కూడా లేదు. పైగా ఆరేళ్లలోపు పిల్లల్లో ఇదే లెక్క 1991లో 945 ఉండేది, 2011కి 920 కంటే కిందకి పడిపోయింది, ఆ సంతోషం గ్రాఫ్ చూసి ఇది ఎవరికి గుర్తొస్తుంది చెప్పండి. ఆ నిలువు ఆక్సిస్ మీద రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ ఆక్సిస్ లో మినిమమ్ దగ్గర 0 పెట్టడమే పని. అప్పుడు మూడు స్తంభాలూ ఇంచుమించు ఒకే ఎత్తులో చప్పగా కనిపిస్తాయి, పేజీ డిజైన్ చేసేవాళ్లకి నచ్చదు, నాకు తెలుసు. చిన్న మార్పే చూపించాలంటే స్తంభాలు మానేసి లైన్ గ్రాఫ్ వేసి పక్కన అంకెలు రాయండి, ఎవరూ మోసపోరు.

ఇంకోటి. వచ్చే జనాభా లెక్కలు 2027వి, అంటే 2011 తర్వాత పదహారేళ్ల గ్యాప్. మామూలు లైన్ చార్ట్ లో సంవత్సరాలు పేర్లలాగా వరసగా పడిపోతాయి, పదేళ్లకీ పదహారేళ్లకీ ఒకటే జాగా, దాంతో చివర్లో గీత ఒక్కసారి ఎగిరినట్టో పడినట్టో ఉంటుంది. అంకెల దూరాన్ని బట్టి చుక్కలు పెట్టే స్కాటర్ చార్ట్ లో వేస్తే కాలం దూరం సరిగ్గా వస్తుంది. ఆ అంకెలు రాగానే మీ డిజైన్ సెక్షన్ వాళ్లకి ఈ మాట చెప్పండి సార్, సరిగ్గా వేస్తే ఆ కటింగే మా స్కూల్ బోర్డుకి అంటిస్తాను.

ఇట్లు,
ఒక హైస్కూల్ లెక్కల మాస్టారు, కృష్ణా జిల్లా