పార్సిలు ఏ అడ్రసుకు పంపాలె?

చింటూ,

మంచిగున్నవా? మేమంతా మంచిగనే ఉన్నం. మీ బాపుకు మోకాలినొప్పి తగ్గింది, ఇగ మెట్లెక్కద్దంటే వింటలేడు. ఫోన్ల నువ్వు "ఆ, ఊ" అని పెట్టేస్తున్నవని ఉత్తరం రాస్తున్న. దీన్నైతే మధ్యల కట్ చెయ్యరాదు.

సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్టకాడ కాలు పెట్ట జాగ లేదు. తంగేడు సరిగ దొరకలే, ఎక్కువ గునుగుతోనే పేర్చినం. గులాబి రంగు అద్దితే నా గోర్లకు ఇంకా పోలే. నువ్వెందుకు రాలేదని అందరు అడిగిన్రు. సెలవు దొరకలేదని చెప్పిన. గంతే గదా?

దసరా నాడు జమ్మి పంచుకున్నమో లేదో వాన దంచింది, కరెంటు పోయింది. రంగలీల మైదానానికి రావణుని కాల్చేది చూడబోతమన్న పిల్లలు ఇంట్లనే ఇరుక్కున్నరు. గప్పుడు పింకి చెవుల మాట చెప్పే ఆట పెట్టింది. చిన్న పెద్ద అందరం వరుసగ కూసున్నం. ఒక్కసారే చెప్పాలె, మళ్ల అడగద్దు. మొదటి మాట "గునుగు పువ్వుకు రంగు అద్దాలె." నాయనమ్మను కావాలనే మధ్యల కూసోబెట్టిన్రు. ఆఖర్న మీ చిన్నమామ లేచి "గుడిల పులికి రంగుల అద్దాలు" అన్నడు! నవ్వి నవ్వి కడుపుల నొప్పి లేసింది. మీ బాపు ఊకుంటడా? గుసగుసగ మాట్లాడితే గొంతుల తీగలు అదరవట, సరళాలు గూడ పరుషాలోలె వినవడ్తయట, "గ"కు "క"కు తేడా తెల్వదట. రిటైరయి ఇన్నేండ్లయినా పాఠం బందు కాలే.

రెండోసారి పింకినే మొదలువెట్టింది. మీ అత్త నా చెవుల చెప్పిన మాట: "అన్న అక్కడ ఉంటలేడు."

పింకి అన్న అనేది నిన్నొక్కన్నే. నేను నాయనమ్మ దిక్కు తిరిగి "అన్నం అడుగంటింది" అన్న. ఎన్నడు వినవడని నాయనమ్మకు గది మాత్రం మంచిగ వినవడ్డది. అక్షరం పొల్లు పోకుంట ఆఖరిదాక పోయింది. మీ చిన్నమ్మ నిజమే అనుకొని ఆ చీకట్లనే వంటింట్లకు ఉరికింది. మొదలు ఏం చెప్పినవే అని అడిగితే, "మరిచిపోయిన పెద్దమ్మా" అనుకుంట పింకి నా మొకం చూడలే.

నేనేం అడుగుతలేను. రూం మారితే మారినవు. ఆ ఓనరు అడ్వాన్సు వాపసిచ్చిండా? కాయితం మీద సంతకం పెట్టించుకున్నవా? పైసల కాడ మొహమాటం పడద్దని ఎన్నిసార్లు చెప్పిన! కొత్తకాడ నీళ్లు మంచిగొస్తున్నయా? మనిషి యాడుంటున్నడో కన్నోళ్లకు తెల్వాలె బిడ్డా, రాత్రి జరమొస్తే ఎవలికి ఫోన్ చెయ్యాలె? తోడు ఎవలన్న ఉన్నరా? ఉంటే ఉన్నరు. కారం తింటరో తినరో చెప్తే దాన్నిబట్టి కలుపుత.

బాపుకు ఇంకా చెప్పలే. ఆయన ఆ రాత్రి అన్నం మాడిందనే అనుకొని, మంచిగున్న అన్నానికి కూడ వంక పెట్టిండు.

నూనె పెట్టుకో. తల ఎట్లయిందో వీడియో కాల్ల చూసిన.

ఈ ఉత్తరం మీ ఆఫీసుకే పంపుతున్న. మురుకులు, నువ్వుల లడ్డూలు డబ్బల కట్టిపెట్టిన, కని చింతకాయ తొక్కు ఆఫీసుకు పంపుడు మంచిగుండదు, కారితే నలుగుట్ల నవ్వులాట. ఇంటి నంబరు, పిన్‌కోడు జర పెద్దగ రాసి పంపు. తొక్కు ఒక సీస సాలుతదా, రెండు పెట్టాల్నా, అది గూడ రాయి.

అమ్మ