విదేశీ సందర్శకుల నేరాలు: ఏ లెక్క చూస్తున్నాం?

సంపాదకులకు నమస్కారం.

జపాన్‌లో విదేశీ సందర్శకుల నేరాలు పెరిగాయని రాసే వార్తల్లో అసలు 'సందర్శకుడు' ఎవరో చెప్పరు. జపాన్ పోలీసు గణాంకాల్లో ఈ వర్గంలోకి పర్యాటకులే కాదు, అక్కడ చదువుకునేవారు, పనిచేసేవారూ వస్తారు. శాశ్వత నివాసులు, అమెరికా సైనిక సిబ్బంది రారు. ఈ వర్గం మొత్తం నేరాల సంఖ్యను ఒక్క పర్యాటకుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది తప్పుడు రేటే.

పర్యాటకులను విడదీసినా చిక్కే. వారం చొప్పున ఉండే 10 లక్షల మంది కలిపి గడిపేది 70 లక్షల రోజులు. అంటే ఏడాది పొడవునా ఉండే సుమారు 19 వేల మందితో సమానం. తలలు లెక్కపెట్టి స్థానికులతో పోలిస్తే రేటు ఉన్నదానికన్నా బాగా తక్కువగా కనబడుతుంది.

కేసులు వేరు, నిందితులు వేరు. నలుగురి ముఠా దొరికి వంద పాత చోరీలు ఒప్పుకుంటే, ఛేదించిన కేసులు ఒక్కసారిగా వంద పెరుగుతాయి. ఆ చోరీలు జరిగింది ఏనాడో! ఇక వీసా గడువు దాటి ఉండిపోవడం స్థానికులు చేయలేని నేరం. దాన్ని దొంగతనాలతో కలిపి పోల్చడం శీర్షిక కోసం చేసే గారడీ.

ఇలాంటి వార్త వేసేటప్పుడు వలస చట్టం కేసులను వేరే వరుసలో చూపండి. పక్కనే నిందితుల సంఖ్య, బస రోజులూ ఇవ్వండి.

– ఒక పాఠకుడు