మీ అబ్బాయి మందు పేరు మీ అబ్బాయికి తెలుసా?

తల్లిదండ్రులకు నమస్కారం.

గత మంగళవారం ఉదయం ప్రార్థన సమయంలో పదో తరగతి విద్యార్థి ఒకడు చెమటలు పట్టి, చేతులు వణుకుతూ కూలబడిపోయాడు. సాయంత్రానికల్లా మీ వాట్సాప్ గ్రూపుల్లో మూర్ఛ అన్నారు, అంటువ్యాధి అన్నారు. "అలాంటి పిల్లలను బడికి ఎందుకు రానిస్తున్నారు" అని కూడా ఒకరు అడిగారు. ఆ బాబు, అతని తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే ఈ సంగతి రాస్తున్నాను. అతనికి టైప్ 1 మధుమేహం ఉంది. మిఠాయిలు తినడం వల్ల వచ్చేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌ను తయారుచేసే కణాలను శరీరమే నాశనం చేసుకుంటుంది. ఆ రోజు ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ తినకుండా ట్యూషన్‌కు వెళ్లి, అటునుంచి అటే బడికి వచ్చాడు. దాంతో రక్తంలో చక్కెర పడిపోయింది, గ్లూకోమీటర్ 52 చూపింది. 70 కంటే తగ్గగానే జాగ్రత్త పడాలి.

పక్క వరుసలోని అమ్మాయి ఎవరూ చెప్పకుండానే పరుగెత్తి గ్లూకోజ్ డబ్బా తెచ్చి, మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించింది. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష చేయాలని మాకు గుర్తుచేసింది కూడా ఆ అమ్మాయే. జీవశాస్త్రం పాఠంలో ఒక్కసారి విన్న సంగతి అది! ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

నన్ను కలవరపెట్టింది ఆ తరువాత జరిగిన విషయం. ఎందుకైనా మంచిదని ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరు మూడు ప్రశ్నలు అడిగారు. ఏ ఇన్సులిన్? ఎన్ని యూనిట్లు? ఎప్పుడు వేసుకున్నావు? మూడింటికీ ఆ బాబు చెప్పింది ఒకటే జవాబు: "అమ్మకు తెలుసు." ఏడేళ్లుగా ఉన్న జబ్బు. వచ్చే జూన్‌లో ఇంటర్ హాస్టల్‌లో చేరబోతున్నాడు. అక్కడ అమ్మ ఉండదు.

ఆ తల్లిని నేను తప్పుపట్టడం లేదు. ఏడేళ్లుగా రాత్రి రెండు గంటలకు లేచి బిడ్డ చక్కెర చూసిన తల్లి ఆమె. కానీ పిల్లల డాక్టరు ఎల్లకాలం చూడరు. కొన్ని ఆసుపత్రుల్లో 12 ఏళ్లకు, మరికొన్నిచోట్ల 18 ఏళ్లకు పెద్దల విభాగానికి పంపిస్తారు. అక్కడ డాక్టరు అమ్మను కాదు, ఎదురుగా కూర్చున్న కుర్రవాడినే అడుగుతారు. జవాబు చెప్పలేని పిల్లలు సిగ్గుపడి వెళ్లడం మానేస్తారు, మందులూ మానేస్తారు. అందుకే బ్రిటన్‌లో 13, 14 ఏళ్లకే పెద్దల విభాగానికి వెళ్లే సన్నాహం మొదలుపెట్టాలని 2016లో మార్గదర్శకాలు ఇచ్చారు. మనం ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టలేమా? మందు పేరు, మోతాదు పిల్లలే చెప్పాలి. డాక్టరుతో కొద్దిసేపైనా ఒంటరిగా మాట్లాడాలి. ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకే తెలియాలి. ఆస్తమా, మూర్ఛ, తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు), గుండె జబ్బు, ఏదైనా సరే. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే పిల్లవాడికి తన ప్రాణం నిలిపే మందు పేరు రాకపోతే, ఆ నూరు మార్కులు చూసి నాకు సంతోషం కలగదు.

మన ఎనిమిదో తరగతిలో తలసేమియా ఉన్న అమ్మాయి ఉంది. మూడు వారాలకోసారి నగరానికి వెళ్లి రక్తం ఎక్కించుకుని, మరునాడు మొదటి గంటకు హాజరవుతుంది. రక్తం ఎక్కించిన తేదీ, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ కొలత), రక్తం ఎక్కించడం వల్ల పేరుకునే ఐరన్‌ను తగ్గించే మందు మోతాదు అన్నీ తన చేతిరాతతో నోటుపుస్తకంలో రాసుకుంటుంది. కొత్త డాక్టరు ఎవరు వచ్చినా ముందుగా ఆ పుస్తకమే చేతికిస్తుందట. రెండేళ్ల క్రితం మన బడి నుంచి వెళ్లిన మధుమేహ విద్యార్థిని హాస్టల్‌లో ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుక పోసిన కుండలో ఇన్సులిన్ దాచుకుంటోంది. నవంబరు 14న ఆమె వచ్చి మన పిల్లలతో మాట్లాడుతుంది. బాలల దినోత్సవమూ, ప్రపంచ మధుమేహ దినమూ ఆ రోజే. 1922లో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ అందుకున్న కుర్రవాడి వయసు 14 ఏళ్లు, మన తొమ్మిదో తరగతి పిల్లల వయసు. తప్పక రండి.



ఇక మీ అందరినీ గౌరవిస్తూనే ఒక మాట. ప్రవేశ దరఖాస్తులో "ఆరోగ్య సమస్యలు" అన్నచోట చాలామంది "లేవు" అని రాస్తున్నారు, ఆరు నెలల తరువాత మాకు ఆసుపత్రిలో తెలుస్తోంది. ఆడపిల్ల విషయమైతే పెళ్లి మాటలు ముందుకు తెస్తున్నారు. ఎప్పుడో జరిగే పెళ్లి కోసం పదమూడేళ్ల పిల్ల జబ్బును దాచడం కంటే, ఈ రోజు మధ్యాహ్నం ఏం చేయాలో మాకు చెప్పడం ముఖ్యం. ట్యూషన్ కోసం టిఫిన్ మాన్పించకండి. నేను పిల్లవాడిని ప్రశ్న అడిగినప్పుడు దయచేసి మీరు జవాబు చెప్పకండి. గ్లూకోమీటర్, గ్లూకోజ్, చిరుతిండి తరగతిలోనే బల్లపై పెట్టుకోవచ్చు. సీబీఎస్ఈ 2017లోనే బోర్డు పరీక్షల్లో మధుమేహం ఉన్న పిల్లలకు తినుబండారాలు అనుమతించింది, మన తరగతి గదిలో అభ్యంతరం ఎందుకుంటుంది?

ఈ లేఖతో ఒక కాగితం పంపుతున్నాను. జబ్బు పేరు, మందులు, మోతాదు, అత్యవసరంగా చేయవలసింది అందులో రాయాలి. ఎనిమిదో తరగతి నుంచి పైవారు తమ చేతిరాతతోనే నింపాలి, మీరు చదివి సంతకం చేస్తే చాలు. నవంబరు 8లోగా పిల్లలే తెచ్చి నాకు ఇవ్వాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు