ముందు రో ఒక్కటే ఊదు

చిన్నా,

షకుహాచి, అదే ఆ జపాన్ వెదురు వేణువు, కొన్నావని, గాలి తప్ప నాదం రావట్లేదని రాశావు. ఇంట్లో నా వేణువు వింటూ పెరిగావు కాబట్టి ఇట్టే పలుకుతుందనుకుని ఉంటావు. మన వేణువుకి ఊదే రంధ్రం పక్కన ఉంటుంది. దీనికి పైకొస మొత్తం తెరిచే ఉంటుంది, దాన్ని గడ్డంతో, కింది పెదవితో నువ్వే మూయాలి. సన్నటి గాలి ఎదురుగా ఏటవాలుగా చెక్కిన అంచుకి తగిలి చీలాలి. వెంట్రుకవాసి తప్పినా ఉత్త గాలే. తల తిరిగితే ఆపేసి మంచినీళ్లు తాగు, పంతం పట్టకు.

నీది 54 సెంటీమీటర్ల పైచిలుకు ఉండే మామూలు సైజే కదా. రంధ్రాలు ముందు నాలుగు, వెనక బొటనవేలికి ఒకటి. అన్నీ మూసి ఊదితే వచ్చేది ‘రో’, అంటే మన రెండు శ్రుతి షడ్జం. కింది నుంచి ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోతే శుద్ధ ధన్యాసి రాగం వినిపిస్తుంది. వెంటనే వచ్చిన కీర్తనేదో అందుకోవాలనిపిస్తుంది. కొన్నాళ్లు వద్దు. అక్కడి పాత బాణీల అందమంతా ‘మెరి’ స్వరాల్లో ఉంది. గడ్డం దించితే స్వరం దిగుతుంది. మనం వేళ్లతో పలికించే గమకాన్ని వాళ్లు మెడతో పలికిస్తారు. తల ఊపడం నేర్చుకోవడానికే మూడేళ్లని అక్కడో సామెత.

హోన్‌క్యోకు అనే ఆ పాత బాణీలు మొదటిసారి విన్నప్పుడు నా చెయ్యి తొడ మీద తాళం కోసం వెతుక్కుంది. తాళమే లేదు! ఊపిరి ఎంతసేపుంటే ఆ స్వరాల వరస అంతసేపు, తర్వాత నిశ్శబ్దం, మళ్లీ ఊపిరి. మన ఆలాపనకీ తాళం ఉండదనుకో, కానీ దాని వెనకాల కృతి వస్తుందని మనకి తెలుసు. ఇక్కడ వెనకాల ఏమీ రాదు. షకుహాచి ఊదడమే ధ్యానం అంటారే, అది ఇదేనని నాకనిపిస్తుంది. అగరొత్తులు, కళ్లు మూసుకోవడం నీ ఇష్టం.

తలకి బుట్టలాంటి టోపీ దించుకుని, ఇది ఊదుతూ భిక్షాటన చేసిన కోముసోలని మరీ మహాత్ములని చేసేయకు. వాళ్లలో చాలామంది కొలువు పోయిన సమురాయ్‌లు. తమ హక్కులకి ఆధారంగా చూపించిన 1614 నాటి ఫర్మానా కూడా దొంగదేనని చరిత్రకారులంటారు. అది తెలిశాక నాకు వాళ్ల మీద ఇష్టం పెరిగిందిలే. ఆ గుంపులోని కురోసావా కింకోయే 18వ శతాబ్దంలో గుడి గుడీ తిరిగి 36 బాణీలు కూర్చాడు. 1871లో ప్రభుత్వం వాళ్ల బౌద్ధ శాఖ ఫుకేనే రద్దు చేసినా బాణీలు పోలేదు. క్యోటోలోనే ఉన్నావు, తోఫుకుజి గుడి దగ్గర ఒకప్పటి వాళ్ల గుడి మ్యోఅన్‌జి ఉంది, ఓసారి వెళ్లిరా.

రోజూ పొద్దున్నే కాసేపు రో ఒక్కటే ఊదు. నాదం సన్నగిల్లి గాలిలోకి జారే చోటు జాగ్రత్తగా విను. గాలి చప్పుడు వినిపిస్తే నా శిష్యులకి చీవాట్లే. అక్కడ ఆ చప్పుడుని కావాలనే తెప్పించే పద్ధతి ఉంది, ‘మురాయికి’ అంటారు. కాబట్టి దానికి బెదరకు.

పక్కవాళ్లు ఏమంటారోనని టెన్షన్ అన్నావు. కామో నది గట్టుకి వెళ్లి ఊదుకో, రాత్రిళ్లు మాత్రం వద్దు. చలికాలం హీటరు దగ్గర పెట్టకు, వెదురు పగులుతుంది. వాయించాక లోపల తడి తుడిచి సంచిలో పెట్టు.

అమ్మ