సంక్రాంతి సెలవుల్లో మల్లె కత్తిరింపు: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుని లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ సెలవుల్లో పిల్లలకు రాతపని తగ్గించాం. బదులుగా ఒక తోటపని ఇస్తున్నాం. ఇంట్లో గుండుమల్లె ఉంటే, నేలలోదైనా కుండీలోదైనా, దాన్ని మీరు పిల్లల చేత దగ్గరుండి కత్తిరింపజేయండి.

మల్లె పూసేది కొత్త చిగురు చివరనే. ముదురు కొమ్మల్ని అలాగే వదిలేస్తే చెట్టు గుబురుగా పెరుగుతుంది, ఆకులే తప్ప పూలుండవు. "పచ్చగా ఉంది కదా, ఎందుకు కోయడం" అన్న జాలే పూలు తగ్గడానికి ముఖ్య కారణం.

నేలలోని మొక్కకు కత్తిరింపుకు పదిహేను రోజుల ముందే నీళ్ళు ఆపాలి. ఆకులు కొంత రాలతాయి, భయపడొద్దు. కుండీలో మట్టి త్వరగా ఆరిపోతుంది కాబట్టి నీళ్ళు పూర్తిగా ఆపకుండా తగ్గిస్తే చాలు. తరువాత కొమ్మలన్నిటినీ తాడుతో వదులుగా కట్టి, నేల నుంచి అడుగున్నర ఎత్తులో పదునైన కత్తెరతో కోయాలి. కుండీ మొక్కను మూడో వంతుకు తగ్గించండి. మొద్దు కత్తెర వాడితే కొమ్మ నలిగి చీలుతుంది, ఆ చీలికలోంచి ఎండు తెగులు దిగుతుంది. ఎండినవి, సన్నగా తీగలా సాగినవి మొదలంటా తీసేయాలి. ముదురు కొమ్మలు కోయడం పెద్దల పని. మిగిలిన ఆకులు దూయడం చిన్నవాళ్ళకు ఇవ్వండి.

మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి నేల మొక్కకు పది కిలోల మాగిన పశువుల ఎరువు, కుండీకి రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు, ఒక గుప్పెడు వేపపిండి వేసి నీళ్ళు పెట్టండి. పచ్చి పేడ వద్దు, వేళ్ళు మాడతాయి. రోజుకు ఆరు గంటల ఎండ తప్పదు. నీడలో ఉన్న మల్లెకు ఎంత ఎరువేసినా పూలు రావు.

మన బోరు నీళ్ళ ఊళ్ళలో ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఒకటుంది. లేత ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలుస్తాయి. అది ఇనుము లోపం. సున్నపు నీటి వల్ల మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం), చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, సాయంత్రం పూట వారం తేడాతో రెండుసార్లు ఆకులపై చల్లితే కొత్త ఆకు పచ్చబడుతుంది. ముదురు ఆకులు మొదట పసుపైతే అది నత్రజని కొరత, లేదా నీళ్ళు ఎక్కువవడం.

ఉగాది నాటికి మొగ్గలు కనిపించాలి. మొగ్గ విచ్చకముందే ఊదారంగుకు తిరిగితే లోపల పురుగున్నట్టు. వాటిని ఏరి కాల్చేయండి, నేల మీద వదిలితే పురుగు మట్టిలో కోశస్థ దశకు (ప్యూపాగా) చేరి, రెక్కల పురుగై మళ్ళీ వస్తుంది. రసాయన పురుగు మందులేవీ వద్దు, అవి పిల్లలు జడలో పెట్టుకునే పూలు. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి, పూలు కోసేశాక సాయంత్రం చల్లండి.

ఇప్పుడు కోసిన కొమ్మలు నాటొద్దు, చలికి వేళ్ళు సరిగ్గా రావు. జులై వానల్లో పెన్సిలు లావు కొమ్మలు, మూడు కణుపులుండేలా కోసి తడి గుడ్డలో చుట్టి బడికి పంపించండి. ఇసుక మడి సిద్ధంగా ఉంచుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు