ఆల్బమ్ వార్తలో నిడివి, ఎడిషన్ కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పేరున్న పాప్, ఆల్టర్నేటివ్ కళాకారుల కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడల్లా పత్రికల్లో వార్త వస్తోంది. అందులో తొలిరోజు ఎన్ని కోట్ల సార్లు విన్నారు, చార్టులో ఎన్నో స్థానం అన్నవే ఎక్కువ. ఎన్ని పాటలు, మొత్తం ఎన్ని నిమిషాలు, వచ్చింది ఏ ఎడిషన్, మిక్స్ (విడివిడిగా రికార్డు చేసిన గొంతు, వాద్యాలను కలిపి కూర్చడం) ఎవరిది అన్నవి దాదాపు కనిపించవు. వినబోయేవాళ్లకు అక్కరకొచ్చేవి ఇవే కాబట్టి ఈ ఉత్తరం.

చార్టు లెక్కనే చూడండి. అమెరికాలో పాటల చార్టులు వేసే బిల్‌బోర్డ్ పత్రిక 2014 డిసెంబర్ నుంచి స్ట్రీమ్‌లను (ఆన్‌లైన్‌లో విన్న లెక్కను) కూడా ఆల్బమ్ లెక్కలో కలుపుతోంది. మొదట్లో 1,500 స్ట్రీమ్‌లు ఒక ఆల్బమ్‌కు సమానం. ఆ నిష్పత్తి తర్వాత మారింది. స్పాటిఫైలో పాట 30 సెకన్లు మోగితే ఒక స్ట్రీమ్ పడినట్టే. కాబట్టి పాటలు పెరిగినకొద్దీ అంకె పెరుగుతుంది. టేలర్ స్విఫ్ట్ ‘ది టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్’ 2024 ఏప్రిల్ 19న 16 పాటలతో వచ్చింది. రెండు గంటలకే మరో 15 చేరి 31 అయ్యాయి. నెల తిరక్కముందే మే 17న బిలీ ఐలిష్ ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’ పది పాటలతో, ముందుగా ఒక్క సింగిల్ (విడి పాట) కూడా వదలకుండా విడుదలైంది. ఒకరు మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వింటే అక్కడ 31, ఇక్కడ 10. పాటల సంఖ్య చెప్పకుండా ఈ రెండింటి మొదటివారం అంకెల్ని పక్కపక్కన అచ్చువేస్తే పాఠకుడికి తెలిసేది ఏమీ లేదు.

నిడివి అంతకంటే ముఖ్యం. ది క్యూర్ బృందం పదహారేళ్ల తర్వాత 2024 నవంబర్ 1న ఇచ్చిన ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’లో పాటలు ఎనిమిదే, కానీ దాదాపు 49 నిమిషాలు. మొదటి పాట ‘అలోన్’లో గొంతు వినపడేసరికి మూడు నిమిషాలు దాటిపోతుంది, చివరి పాట పది నిమిషాలకు పైనే. అర నిమిషం విని తర్వాతి పాటకు దూకేవారికి ఈ ఆల్బమ్ అందదు. ఆ సంగతి వార్తలో ఒక్క వాక్యంగా ఉంటే చాలు, వినేవాళ్లు తీరిక చూసుకుని కూర్చుంటారు.

మిక్స్ విషయానికి పీటర్ గేబ్రియెల్ ‘ఐ/ఓ’ను మించిన ఉదాహరణ లేదు. 2023లో పౌర్ణమికొక పాట చొప్పున వదిలి, డిసెంబర్ 1న పూర్తి ఆల్బమ్ ఇచ్చారు. అవే 12 పాటలు మార్క్ స్పైక్ స్టెంట్ చేతిలో బ్రైట్‌సైడ్ మిక్స్, చాడ్ బ్లేక్ చేతిలో డార్క్‌సైడ్ మిక్స్ అయ్యాయి. హాన్స్ మార్టిన్ బఫ్ చేసిన డాల్బీ అట్మాస్ (చుట్టూ నుంచి వినిపించే ధ్వని) మిక్స్ మూడోది. ఏ మిక్స్ విన్నారో చెప్పని సమీక్ష సగం సమీక్షే.

ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) కొనేవాళ్లకు మరికొంత చెప్పాలి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక వైపు 18 నుంచి 22 నిమిషాలు హాయిగా పడతాయి. అంతకు మించితే గాడులు దగ్గరవుతాయి, శబ్దం మట్టం తగ్గించి కోయాల్సి వస్తుంది, ఉపరితలపు చిటపటలు పైకి తేలతాయి. ముల్లు లోపలికి వెళ్లేకొద్దీ గాడి వేగం తగ్గి ‘స’, ‘ష’ శబ్దాలు గీరుకుంటాయి. అందుకే 60 నిమిషాల ఆల్బమ్ ఒకే డిస్క్‌లో వస్తే అనుమానించాలి. 180 గ్రాముల బరువు నాణ్యతకు హామీ కాదు. మాస్టర్ (అచ్చుకు సిద్ధం చేసిన తుది ధ్వని ప్రతి), కటింగ్ (దాన్ని గాడులుగా కోయడం) బాగుంటేనే ధ్వని బాగుంటుంది. బొమ్మ ముద్రించిన పిక్చర్ డిస్క్ చూడటానికి బాగుంటుంది, రొద మాత్రం ఎక్కువ. కొత్త డిస్క్‌ను వాపసు గడువు ముగియకముందే రెండు వైపులా వినాలి. పియానో స్వరం సాగినచోట ఊగుతున్నట్టు వినిపిస్తే నడిమి రంధ్రం పక్కకు జరిగిందని అర్థం. ఎంత కడిగినా ఆ లోపం పోదు.

ఫోన్‌లో వినేవాళ్లు ముందు షఫుల్ (పాటల వరుస కలగాపులగం చేసేది), క్రాస్‌ఫేడ్ ఆపేయాలి. క్రాస్‌ఫేడ్ ఒక పాట తోకను మరో పాట తలతో కలిపేస్తుంది. కళాకారులు కొలిచి పెట్టిన విరామం పోతుంది. ఆల్బమ్ పేజీలో షఫుల్‌కు పెద్దపీట వేయొద్దని 2021లో తన ‘30’ ఆల్బమ్ విడుదలప్పుడు గాయని అడెల్ కోరితే స్పాటిఫై మార్చింది కూడా. శబ్దాన్ని సమం చేసే సెట్టింగ్‌ను ‘నార్మల్’లో ఉంచితే సుమారు మైనస్ 14 లఫ్స్ (చెవికి తోచే శబ్ద తీవ్రతకు కొలత) దగ్గర ఆడుతుంది. ఆల్బమ్‌ను వరుసలో వింటే నెమ్మది పాట నెమ్మదిగానే ఉంటుంది. షఫుల్‌లో ఒక్కో పాటనూ విడిగా సమం చేస్తుంది గనుక ఆ ఎత్తుపల్లాలు చదునైపోతాయి. మాస్టరింగ్‌లోనే నలిగిపోయిన ధ్వనిని ఏ సెట్టింగూ బాగుచేయలేదు. రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ 1999 నాటి ‘కాలిఫోర్నికేషన్’ మీద ఈ ఫిర్యాదు ఇప్పటికీ ఉంది. హై రిజల్యూషన్ ముద్ర చూసి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లకు ఈ మాట తప్పక చెప్పాలి.

కాబట్టి మీకు నా వినతి. ప్రతి ఆల్బమ్ వార్త కింద ఒక చిన్న పెట్టెలో విడుదల తేదీ, పాటల సంఖ్య, నిమిషాలు, ఎడిషన్, నిర్మాత, మిక్స్ చేసినవారు, ఎల్పీ అయితే ఎన్ని డిస్కులు అన్నవి ఇవ్వండి. తర్వాత అదనపు పాటలతో డీలక్స్ వస్తే, అదనంగా ఏవి చేరాయో పేర్లతో రాయండి. మొదటిరోజే కొన్నవాళ్లు మళ్లీ కొనాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేల్చుకుంటారు. 2015 జులై 10 నుంచి ప్రపంచమంతా కొత్త ఆల్బమ్‌లకు శుక్రవారమే విడుదల రోజు. శనివారం పత్రికలో ఆ పెట్టె వస్తే చాలు. సమీక్షకు మీ రచయితకు మరో వారం గడువివ్వండి.

— ఒక పాఠకుడు